బేస్‌బాల్ పట్టికను ముందుగా లెక్కించుట

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఏటేటా మార్చి నెలాఖరున బేస్‌బాల్ ఆటల కాలము ప్రారంభమగును. అంతకు నెల, నెలన్నర ముందే ఒక పట్టిక వెలువడును. సెప్టెంబరు నెలాఖరుకు ఏ విభాగములో ఏ జట్టు ఏ స్థానమున నిలుచునో, ఎన్ని ఆటలు గెలుచునో అందులో వ్రాసి ఉండును. ఒక్క బంతియైనను విసరకముందే వ్రాసిన ఈ పట్టికను జాతకచక్రము వంటిదని కొట్టివేయుట సులభము. కాని దాని వెనుక నూట అరువది సంవత్సరముల లెక్కల చరిత్ర ఉన్నది. జోస్యము ఎంతవరకు నిజము కాగలదో, ఎంతకు మించి ఎన్నటికిని కాజాలదో ఆ లెక్కలే తేల్చి చెప్పినవి. తన హద్దులను తానే కొలిచి చూపిన జోస్యము లోకములో అరుదు.

తెలుగు పాఠకులకు క్రికెట్ పరిచితమైనంతగా బేస్‌బాల్ పరిచితము కాదు. అందులో జట్టుకు తొమ్మండుగురు. బంతి విసరువానిని పిచ్చర్ అందురు. బంతిని కొట్టినవాడు చతురస్రపు మూలలయందున్న నాలుగు స్థావరములను వరుసగా చుట్టి వచ్చినచో ఒక పరుగు. ముగ్గురు ఔటయినంతనే ఆ జట్టు వంతు ముగియును. ఇట్టి వంతులు ఒక్కొక్క జట్టుకు తొమ్మిది. డ్రా అనునది దాదాపు లేదు. పరుగులు సమానమైనచో అదనపు వంతులు ఆడి తేల్చుకొందురు.

వృత్తి క్రీడాకారుల సంఘములలో నేషనల్ లీగు 1876లో, అమెరికన్ లీగు 1901లో ఏర్పడినవి. 1968 వరకు ఒక్కొక్క లీగుకు ఒకే పట్టిక ఉండెను. 1969లో జట్లు పన్నెండేసి కాగా, ఒక్కొక్క లీగును తూర్పు, పడమర అని రెండు విభాగములు చేసిరి. భూగోళము చదువుకొను పిల్లలు ఈ విభజనను చూచి నవ్వుకొనవచ్చును. తూర్పు రాష్ట్రమైన జార్జియాలోని అట్లాంటా పడమటి విభాగమునకు పోయినది; దానికి ఎంతో పడమరగా ఉన్న సెయింట్ లూయిస్ తూర్పు విభాగమున చేరినది! 1994 నుండి లీగునకు మూడేసి విభాగములు. ఇప్పుడు మొత్తము 30 జట్లు, ఆరు విభాగములు. ప్రతి జట్టు 162 ఆటలు ఆడును. అనగా ఒక్క ఏడాదిలో 2,430 ఆటలు. సాంఖ్యకశాస్త్రజ్ఞునికి ఇంతకంటె విందు ఉండదు.

ఈ లెక్కలకు తొలి బీజము క్రికెట్టే. హెన్రీ చాడ్విక్ 1824లో ఇంగ్లండునందలి ఎక్సెటర్ పట్టణమున పుట్టి, బాల్యముననే అమెరికాకు వలస వచ్చినవాడు. క్రికెట్ పోటీలను గురించి పత్రికలకు వ్రాయుచుండెను. 1856లో ఒక క్రికెట్ పోటీ నుండి తిరిగి వచ్చుచు, దారిలో బేస్‌బాల్ చూచి దానికి వశుడయ్యెను. ఆటను ఒక చిన్న పట్టికలో ఇమిడ్చి పత్రికలో అచ్చు వేయు పద్ధతిని 1859 ప్రాంతమున ఆయన ప్రచారమునకు తెచ్చెను. క్రికెట్ సగటులను చూచి అలవాటుపడిన కన్ను కనుక, బేస్‌బాల్‌లోను కొట్టువానికి సగటు కట్టవలెనని పట్టుబట్టెను. ఆ సగటే తరువాత వంద సంవత్సరములు రాజ్యమేలినది. కాని దానియందొక లోపము కలదు. పిచ్చర్ నాలుగు చెడ్డ బంతులు విసరినచో కొట్టువాడు ఊరకే మొదటి స్థావరమునకు నడచి పోవచ్చును. ఓపికతో చెడ్డ బంతిని వదలిపెట్టుటయు ఒక నేర్పే. చాడ్విక్ సగటు ఆ నేర్పును లెక్కకు తీసికొనదు.

ఈ లోపమును వృత్తిజట్టులో కూర్చుండి ఎత్తి చూపినవాడు ఆలన్ రాత్. కెనడాలోని మాంట్రియల్ వాసి. నల్లజాతి క్రీడాకారుడు జాకీ రాబిన్సన్‌ను వర్ణవివక్షను ధిక్కరించి 1947లో బ్రూక్లిన్ జట్టులో ఆడించిన బ్రాంచ్ రికీయే, అదే సంవత్సరమున రాత్‌ను పూర్తికాలపు గణాంకుడుగా నియమించెను. జట్టుకొక గణాంకుడు ఉండుట ఆనాటికి వింత. ఎవడెంత కొట్టెననుటకంటె ఎన్నిసార్లు ఔటు కాకుండ స్థావరమునకు చేరెననుటయే ముఖ్యమని రికీ, రాత్‌లు 1954లో లోకమునకు చాటిరి. లోకము వినలేదు.

తరువాత పది సంవత్సరములకు కెనడా రక్షణశాఖలో పనిచేయు జార్జ్ లిండ్సే అను శాస్త్రజ్ఞుడు మరియొక అడుగు వేసెను. ఆయన తండ్రి వందలకొలది ఆటలను ఓపికతో వ్రాసి పెట్టెను. ఏ స్థావరములయందు మనుష్యులున్నారు, ఎందరు ఔటయినారు అను రెండు విషయములనుబట్టి ఆట ఏ క్షణమునందైనను 24 స్థితులలో ఒకదానియందుండును. ఒక్కొక్క స్థితినుండి ఆ వంతు ముగియులోపల సగటున ఎన్ని పరుగులు రాగలవో లిండ్సే 1963లో పట్టిక వేసెను. మొదటి స్థావరమున ఒకడుండి, ఎవరును ఔటు కాకున్నచో 0.813 పరుగు. ఒకడు తన్ను తాను బలిచేసికొని ఆ మనిషిని రెండవ స్థావరమునకు పంపినచో 0.671 పరుగు. తరతరములుగా శిక్షకులు గొప్ప ఎత్తుగడ అని బోధించినది సగటున నష్టమే తెచ్చుచున్నది! అనుభవజ్ఞుల మాటను నాలుగు అంకెలు ఇంత నిశ్శబ్దముగా కాదనిన సందర్భములు తక్కువ.

ఇంతవరకు చెప్పినది నేర్పును కొలుచు పని. అదృష్టమును కొలుచు పని హార్వర్డ్ విశ్వవిద్యాలయమునందు జరిగినది. 1946లో రెండు లీగుల విజేతల నడుమ జరుగు వరల్డ్ సిరీస్ అను పోటీలో బోస్టన్ జట్టు సెయింట్ లూయిస్ చేతిలో ఓడిపోయెను. బోస్టన్ పక్షమువాడైన ఫ్రెడరిక్ మోస్టెల్లర్ అను సాంఖ్యకశాస్త్రజ్ఞుడు విచారించుచు కూర్చొనక, మేలైన జట్టే ఈ పోటీలో గెలుచునను నమ్మకము ఎంత అని ప్రశ్న వేసికొనెను. 1952లో ప్రకటించిన వ్యాసములో ఆయన తేల్చినది: సుమారు 80 శాతము. అనగా ఐదేండ్లకొకసారి తక్కువ జట్టే కిరీటము ధరించుచున్నదన్న మాట. ఒక్కొక్క ఆటలో 60 శాతము గెలుపు సంభావ్యత గల బలమైన జట్టుకు కూడ, ఏడు ఆటల పోటీలో గెలుచు సంభావ్యత 71 శాతమే. ద్విపద విస్తరణ తెలిసిన విద్యార్థి దీనిని కాగితము మీద సరిచూచుకొనవచ్చును.

ఏడు ఆటలు చాలవు సరే, 162 ఆటలు చాలునా? ముప్పది జట్లును సరిగ్గా సమాన బలము గలవని ఊహింతము. అప్పుడు ప్రతి ఆటయు నాణెము ఎగురవేసినట్లే. సగటున ఒక్కొక్క జట్టు 81 ఆటలు గెలువవలెను. కాని ప్రామాణిక విచలనము 162 వర్గమూలములో సగము, అనగా 6.36. మూడింట రెండు వంతుల జట్లు 75, 87 గెలుపుల నడుమ ఉండును. ముప్పదింటిలో మిక్కిలి అదృష్టము గలది సుమారు 94 ఆటలు గెలుచును, మిక్కిలి దురదృష్టము గలది 68 మాత్రమే గెలుచును. మరునాటి పత్రికలు మొదటి జట్టు పట్టుదలను పొగడి, చివరి జట్టు సోమరితనమును తిట్టును. రెంటికిని బలములో ఆవగింజంత భేదము లేదు!

నిజముగా జట్ల బలములు సమానములు కావు. ఒక ఏడాది గెలుపుల ప్రామాణిక విచలనము 12 అనుకొందము; ఇది వాస్తవమునకు దూరము కాదు. దాని వర్గము 144. నాణెపు పాలు 6.36 వర్గము, అనగా 40. మిగిలిన 104 నిజబలముల భేదమునకు చెందును. కావున పట్టికలో కనిపించు వ్యత్యాసములో నాలుగవ వంతుకు పైగా కేవలము కాకతాళీయము. జోస్యము చెప్పువానికి ఇదియే లక్ష్మణరేఖ. జట్ల నిజబలమును దేవుడే వచ్చి చెవిలో చెప్పినను, సగటున ఒక్కొక్క జట్టు విషయములో ఐదు ఆటల పొరపాటు తప్పదు. 2020లో మహమ్మారి కారణముగా ఆటలు 60కి తగ్గినప్పుడు ఈ కాకతాళీయము పాలు ఇంకను పెరిగినది.

ఈ నాణెపు పాలును పట్టికనుండి వేరుచేయు ఉపాయమును కనుగొన్నవాడు విశ్వవిద్యాలయపు ఆచార్యుడు కాదు. కాన్సస్ రాష్ట్రపు లారెన్స్ పట్టణమున, చిక్కుడుగింజలను డబ్బాలలో నింపు కర్మాగారమునకు రాత్రి కావలి కాయుచున్న బిల్ జేమ్స్. 1977లో తన లెక్కలను ఒక చిన్న పుస్తకముగా సొంతముగా ప్రచురించుకొనెను. 1971లోనే పదునారుగురు ఔత్సాహికులు కూపర్స్‌టౌన్‌లో బేస్‌బాల్ పరిశోధన సంఘమును స్థాపించి యుండిరి. ఆ సంఘము పేరులోని తొలి అక్షరములనుండియే జేమ్స్ ఈ శాస్త్రమునకు సేబర్‌మెట్రిక్స్ అను పేరు పెట్టెను. ఆయన ప్రశ్న సామాన్యమైనది: గెలుపులను లెక్కించుటకు మారుగా పరుగులను లెక్కించిన నేమి? ఒక జట్టు చేసిన పరుగుల వర్గమును, చేసిన పరుగుల వర్గము, ఇచ్చిన పరుగుల వర్గముల మొత్తముచే భాగించినచో, ఆ జట్టు గెలువవలసిన ఆటల నిష్పత్తి వచ్చును. వర్గములు కూడుచున్నవి కనుక దీనికి పైథాగరస్ సూత్రమని పేరు వచ్చినది గాని, ఇందు త్రిభుజమూ లేదు, కర్ణమూ లేదు. 800 పరుగులు చేసి, 700 ఇచ్చిన జట్టును తీసికొనుడు. 6,40,000ను 11,30,000చే భాగించినచో 0.566, 162 ఆటలలో సుమారు 92 గెలుపులు. సగటు జట్టుకంటె 11 ఎక్కువ. సుమారు పది పరుగుల తేడాకు ఒక గెలుపు అను మోటు సూత్రము ఇందునుండి పుట్టినదే. తరువాతివారు ఘాతము 2 కంటె 1.83 అయినచో ఇంకను సరిపడునని చూపిరి.

ఈ సూత్రము వెనుకటి చరిత్రనే కాక ముందటి చరిత్రను కూడ చెప్పును. న్యూయార్కు మెట్స్ జట్టు 1962లో పుట్టి, ఆ ఏడు 120 ఆటలు ఓడి అపహాస్యము పాలయినది. మొదటి ఏడు సంవత్సరములలో తొమ్మిదవ స్థానమునకు పైకి రాలేదు. విభాగములు ఏర్పడిన 1969లో తూర్పు విభాగమున చికాగో కబ్స్ జట్టు ముందు నడుచుచుండగా, మెట్స్ ఆగస్టు, సెప్టెంబరు నెలలలో విజృంభించి ఎనిమిది ఆటల తేడాతో విభాగమును, తరువాత లీగును, 109 ఆటలు గెలిచిన బాల్టిమోరును ఓడించి వరల్డ్ సిరీస్‌ను గెలిచినది. అమెరికా దీనిని అద్భుతమని పిలిచినది. ఆ జట్టు 100 ఆటలు గెలిచినది. కాని చేసిన పరుగులు 632, ఇచ్చినవి 541. సూత్రము ప్రకారము 93 లేక 94 గెలుపులే రావలెను. మరుసటి ఏడాది 83 ఆటలతో తృప్తిపడినది. 2012లో బాల్టిమోరు జట్టుది ఇంకను వింత. 712 పరుగులు చేసి 705 ఇచ్చినది. 82 గెలుపులకే అర్హత. గెలిచినది 93! ఒక్క పరుగు తేడాతో ముగిసిన ఆటలలో 29 గెలిచి 9 మాత్రమే ఓడినందున ఇట్లు జరిగినది. అది ధైర్యస్థైర్యముల ఫలమని ఆ నగరవాసులు నమ్మిరి. 2013లో 85 గెలుపులు వచ్చినవి.

ఈ లెక్క వట్టి వినోదము కాదు. పది ఆటలు ఎక్కువ ఓడిన సంవత్సరమున శిక్షకుని ఉద్యోగము పోవును, ఆటగాండ్రను అమ్మివేయుదురు. ఆ పది ఆటలలో ఐదారు నాణెపు తప్పిదములని తెలియనిచో, ఒక మనిషి బ్రతుకు తెరువును నాణెమే తేల్చినట్లగును.

గెలిచినవారు మరుసటి ఏడు క్రిందికి, ఓడినవారు పైకి వచ్చు ఈ ధోరణిని ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లోనే మనుష్యుల పొడవునందు గుర్తించెను. మిక్కిలి పొడవైన తలిదండ్రుల సంతానము సగటున వారికంటె కొంచెము పొట్టి. దీనిని ప్రతిగమనము అందురు. ఉపాధ్యాయులకు ఇది నిత్యానుభవము. అర్ధసంవత్సర పరీక్షలో మొదటివాడు వార్షిక పరీక్షలో మూడవవాడైనచో, వానికి గర్వము తలకెక్కినదని మందలించుట వాడుక. మొదటిసారి వానికి చదివిన ప్రశ్నలే వచ్చి ఉండవచ్చును. 2001లో సియాటిల్ జట్టు 116 ఆటలు గెలిచి 1906 నాటి రికార్డుతో సమానమైనది, 2002లో 93. 1990లో తమ విభాగములయందు చిట్టచివర ఉన్న మిన్నెసోటా, అట్లాంటా జట్లు రెండును 1991లో వరల్డ్ సిరీస్‌లో ఎదురెదురుగా నిలిచినవి.

ప్రతిగమనమును ఎంత వరకు లెక్కించవలెనో చెప్పినవారు స్టీన్, జేమ్స్ అను శాస్త్రజ్ఞులు (ఈ జేమ్స్ వేరు). 1961లో వారిచ్చిన సూత్రమును బ్రాడ్లీ ఎఫ్రాన్, కార్ల్ మారిస్ 1970 నాటి బేస్‌బాల్‌తో పరీక్షించిరి. 18 మంది ఆటగాండ్రు మొదటి 45 అవకాశములలో ఎట్లు కొట్టిరో చూచి, తక్కిన కాలమంతయు ఎట్లు కొట్టుదురో చెప్పవలెను. రొబెర్టో క్లెమెంటీ 18 సార్లు కొట్టెను, సగటు 0.400. థర్మన్ మన్సన్ 8 సార్లు మాత్రమే, 0.178. అందరి సగటు 0.265. సూత్రము ఒక్కొక్కని సగటును ఈ మధ్య విలువ వైపునకు సుమారు ఐదింట నాలుగు వంతులు లాగివేయును. క్లెమెంటీ వంటి మహా క్రీడాకారుని 0.29 వద్దకు దింపుట అపచారముగా తోచును. తక్కిన కాలమున ఆయన 0.346 కొట్టెను, అనగా 0.400 అన్నను, 0.29 అన్నను తప్పు దాదాపు ఒక్కటే. మన్సన్‌ను సూత్రము 0.25 వద్దకు ఎత్తినది, అతడు 0.316 కొట్టి ఆ ఏటి ఉత్తమ నూతన క్రీడాకారుడను బిరుదు పొందెను. పదునెనమండుగురి తప్పుల వర్గములను కూడినచో, సూత్రపు తప్పు మామూలు సగటుల తప్పులో మూడున్నరవ వంతు మాత్రమే.

ఇంతవరకు వచ్చిన తరువాత పట్టిక వేయుట ప్రధానముగా శ్రమతో కూడిన కూలిపని. మొదట ప్రతి ఆటగానిని లెక్కింతురు. ఇందుకు టామ్ టాంగో అనునతడు కోతికైనను చేతనగునంత సులభమైన పద్ధతి నొకటి చెప్పి, ఒక టెలివిజన్ నాటికలోని కోతి పేరిట దానికి మార్సెల్ అని నామకరణము చేసెను. గత మూడు సంవత్సరముల ఫలితములకు 5, 4, 3 అను భారములు వేసి, మధ్యమునకు కొంత లాగి, వయస్సునుబట్టి సవరించినచో చాలును. గొప్ప గొప్ప యంత్రములు దీనిని ఓడించుటకు చెమటోడ్చవలసి వచ్చుట ఈ శాస్త్రమునకు కొంచెము సిగ్గుచేటే. తరువాత ఆటగాండ్ర లెక్కలను కూడి జట్టు చేయు పరుగులు, ఇచ్చు పరుగులు కట్టి, పైథాగరస్ సూత్రముతో బలము తేల్చుదురు. 0.600 బలము గల జట్టు 0.400 జట్టును ఓడించు సంభావ్యత 0.69 అని బిల్ జేమ్స్ వేరొక సూత్రము చెప్పును. చివరకు కంప్యూటరులో 2,430 ఆటలను పాచికలు వేసినట్లు ఆడించి, ఆ సంవత్సరమును వేలసార్లు తిరిగి జరిపింతురు. ఈ ఉపాయము స్టానిస్లా ఉలాం 1946లో జబ్బు పడి కోలుకొనుచు, ఒంటరిగా పేకాడుకొనుచుండగా తట్టినది. అణుశాస్త్రమునకై పుట్టి ఆటలకు వచ్చి చేరినది. వేలసార్లలో నాలుగు వందల వంతున ఒక జట్టు మొదటి స్థానమున నిలిచినచో, దానికి 40 శాతమని వ్రాయుదురు. ఎదుటి జట్లు ఎవరన్నదియు ముఖ్యమే. 2022 వరకు తన విభాగపు జట్లతో ఒక్కొక్కదానితో 19 ఆటలు ఆడవలసి ఉండగా, 2023 నుండి అవి 13కు తగ్గినవి. బలహీనమైన విభాగములో పుట్టిన జట్టుకు ఉండిన లాభము ఆ మేరకు తగ్గినది.

నేట్ సిల్వర్ రూపొందించి 2003లో వెలువరించిన పెకోటా అను పద్ధతి, ఒక్కొక్క ఆటగానిని పూర్వము అతని వంటి ఆటగాండ్రతో పోల్చి చూచును. 2005లో వరల్డ్ సిరీస్ గెలిచి, 2006లో 90 ఆటలు గెలిచిన చికాగో వైట్ సాక్స్ జట్టు 2007లో 72 ఆటలే గెలుచునని అది చెప్పినప్పుడు చికాగోలో నవ్వినవారే ఎక్కువ. ఆ జట్టు సరిగ్గా 72 గెలిచి 90 ఓడినది. పై లెక్క తెలిసినవారు ఇంత సరిగ్గా కుదురుట కూడ కొంత అదృష్టమే అందురు. 2015లో కాన్సస్ సిటీకి అదే పద్ధతి అదే 72 అంకెను చెప్పినది. ఆ జట్టు 95 గెలిచి, వరల్డ్ సిరీస్ కూడ గెలిచెను. 724 పరుగులు చేసి 641 ఇచ్చినది కనుక పైథాగరస్ సూత్రము ప్రకారము 91 గెలుపులు న్యాయముగా దానివే. 23 ఆటల తప్పులో నాలుగింటిని మాత్రమే దగ్గరి ఆటల అదృష్టమునకు చెల్లు వ్రాయవచ్చును. ఆ జట్టు బలము, మైదానములో పరుగెత్తి బంతిని అందుకొను వేగమున, ఆట చివరి వంతులలో వచ్చు పిచ్చర్ల నేర్పునను ఉండెను. ఈ రెండును సూత్రములకు అంత సులభముగా లొంగని విషయములు. ప్రతి క్రీడాకారుని కదలికను కెమెరాలతో, రాడారుతో కొలుచు యంత్రములను ఆ 2015వ సంవత్సరముననే అన్ని మైదానములయందును నెలకొల్పిరి. పరుగెత్తువాని వేగమును సెకనుకు ఇన్ని అడుగులని కొలిచి లెక్కలో చేర్చుట అటు తరువాత సాధ్యమైనది. కాన్సస్ సిటీ 2016లో 81 ఆటలు గెలిచి 81 ఓడినది.